దొరల గోడ మీద తలకాయలు, మన మీద కేసులు

పోయిన చైత్రంలో మా పక్కూరి తమ్ముడొకడు రీల్ పెట్టాడు. బండి ట్యాంకు మీద అడవిపంది. దాని మెడలో బంతిపూల దండ. తమ్ముడి చేతిలో నాటు తుపాకి, వెనకాల డీజే పాట. కింద "కొండ పులులం" అని రాసుకున్నాడు. రెండు రోజుల్లో ఆ రీల్ ఘాటు దిగిపోయింది. నర్సీపట్నంలో నాతో డిగ్రీ చదివిన ఒకడు దాన్ని మా బ్యాచ్ గ్రూపులో పడేసి, "మీవాళ్ళు ఇక మారరా బ్రో?" అని అడిగాడు. ఇంకొకడు "వీళ్ళ వల్లే అడవిలో జంతువన్నది లేకుండా పోయింది" అన్నాడు. దానికి పదకొండు లైకులు. మూడో రోజు తమ్ముడి మీద కేసు పడింది.

గ్రూపులో జవాబు రాద్దామని కూర్చుని రెండుసార్లు టైప్ చేసి రెండుసార్లూ చెరిపేశాను. కోపం వచ్చినప్పుడు రాసేది మన పరువే తీస్తుంది. ఇప్పుడు కోపం తగ్గిందని కాదు, చెప్పాల్సిన మాట దొరికింది. ముందు మా బ్యాచ్ బ్రోకి చెప్తాను. తర్వాత ఆ తమ్ముడికి కూడా చెప్పాలి. వాడికి చెప్పేది కాస్త చేదుగా ఉంటుంది.

బ్రో, మూడేళ్ళు నర్సీపట్నంలో కలిసి తిరిగాం. అక్కడ తెల్లదొరల సమాధులు ఉన్నాయని నీకు తెలుసు. స్కాట్ కవర్డ్, హైటర్. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో అల్లూరి సీతారామరాజు దళం కొట్టిన దెబ్బకి పోయిన అధికారులు. దానికి నెల ముందే ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు తెచ్చుకున్నారు గాం గంటందొర, మల్లుదొర, వాళ్ళతోటి మనవాళ్ళు. ఎందుకు తిరగబడ్డారో స్కూల్లో చదివాం. పోడు ఆపేశారు. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించిన తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగ్గా ఇవ్వకుండా కొట్టించి పని చేయించాడు. ఇదంతా పాఠంలో ఉంది. పాఠంలో పెద్దగా లేనిది ఒకటుంది. అదే వేట.

1882 మద్రాసు అటవీ చట్టం తీసి చూడు. రిజర్వు అడవిలో చేయకూడని పనుల్లో చెట్టు నరకడం, పశువుల్ని తోలడంతోపాటు వేటాడటం, చేపలు పట్టడం, ఉచ్చులు వేయడం కూడా వరసగా ఉంటాయి. నిబంధనల ప్రకారం అనుమతి ఉంటే తప్ప. ఆ అనుమతి ఎవరికి దొరికేదో వేరే చెప్పాలా? అంతకు నాలుగేళ్ళ ముందే 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా దేశస్థుడి దగ్గర తుపాకి ఉండకూడదు. అంటే ఒక చట్టం చేతిలోది లాక్కుంది, ఇంకో చట్టం కాళ్ళ కింది అడవి లాక్కుంది. అదే అడవిలోకి కలెక్టరు దొర, ఆయన చుట్టం దొర, సెలవు మీద వచ్చిన పల్టన్ దొర రైఫిలు పట్టుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళు చేస్తే షికారు. మా ముత్తాత అదే కొండలో విల్లు పట్టుకుంటే నేరం.

షికారు ఎలా జరిగేదో నీకు తెలియకపోవచ్చు. దొర ముందు మంచె ఎక్కి కూర్చుంటాడు. కింద చెట్టుకి దున్నదూడనో మేకనో కట్టేస్తారు. లేదంటే చుట్టుపక్కల ఊళ్ళ జనాన్ని పోగేసి డప్పులూ డబ్బాలూ కొట్టిస్తూ అడవిని ఒక పక్కనుంచి తోలిస్తారు. బెదిరిన పులి దొర కూర్చున్న వైపే పరిగెత్తాలి. ముందు నడిచేది మనవాళ్ళు. పులి వెనక్కి తిరిగితే చచ్చేది మనవాళ్ళు. పైన కూర్చున్నవాడు ట్రిగ్గరు నొక్కుతాడు. తర్వాత ఫోటో. పులి తల మీద బూటు పెట్టి దొర, పక్కన దొరసాని. డప్పులు కొట్టినవాళ్ళు ఫోటో అంచున ఉంటారు, లేదా అసలే ఉండరు.

వైస్రాయి కర్జన్ 1902లో నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు వరంగల్ దగ్గర నెక్కొండలో చంపిన పులితో, భార్యతో కలిసి దిగిన ఫోటో ఇప్పటికీ ఇంటర్నెట్టులో దొరుకుతుంది. తీసింది లాలా దీన్‌దయాళ్. అయిదో జార్జి చక్రవర్తి 1911లో ఢిల్లీ దర్బారు అయ్యాక నేపాల్ తరాయికి వెళ్ళి పది రోజుల్లో చంపించింది 39 పులులు, 18 ఖడ్గమృగాలు. సర్గుజా మహారాజు లెక్క ఒక్కడిదే వెయ్యి పులులు దాటింది. అంత దూరం ఎందుకు, మన పక్క విజయనగరం చూడు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఉన్న విజ్జీ, అదే మహారాజ్‌కుమార్ విజయానంద గజపతిరాజు, మూడు వందలకు పైగా పులుల్ని కాల్చాడని పేరు. ఆయన క్రికెట్ పరుగులు గుర్తున్నవాళ్ళు తక్కువ గాని ఆ పులుల కబుర్లు మాత్రం క్రికెట్ రాసేవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. మైసూరులో వాన్ ఇంజెన్ అని ఒక కంపెనీ ఉండేది. చచ్చిన పులికి, చిరుతకి బతికున్నట్టు కనపడేలా తోలు కూరి, గాజుకళ్ళు పెట్టి, కోరలు తీసి బంగళాల గోడలకి పంపడమే దాని పని. దాదాపు వందేళ్ళు నడిచింది. ఒక కంపెనీ వందేళ్ళు బతకాలంటే ఎన్ని తలకాయలు కావాలో నువ్వే లెక్కెయ్.

స్వాతంత్ర్యం వచ్చాక ఆగిందా? ఇంకా పెరిగింది. జీపులొచ్చాయి, టార్చిలైట్లొచ్చాయి. విదేశీ టూరిస్టులకి "పులి గ్యారంటీ" అని చెప్పి డాలర్లకి అడవి బ్లాకులు చూపించే షికారు కంపెనీలు వచ్చాయి. పులివేటని దేశమంతా ఆపింది 1970లో. 1972లో లెక్క తీస్తే దేశం మొత్తం మీద మిగిలినవి 1827. ఆ 1827 అంకె మా తాతల ఉచ్చులకి తగ్గింది కాదు బ్రో. మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా గోడ మీద పులి తలకాయ చూశావా? మా ఇంటి గోడ మీద క్యాలెండరు, రేషన్ కార్డు కవరు, నా డిగ్రీ ఫోటో ఉన్నాయి. అంతే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అవసరమైందే. అది రాకపోతే ఇంకో పదేళ్ళలో పులి అన్నది బొమ్మల్లోనే మిగిలేది. నేను ఆ చట్టాన్ని ఎత్తేయమనడం లేదు. కానీ వెయ్యి పులులు చంపిన రాజుని, కడుపుకి ఒక పంది కొట్టిన కోదు ముసలాయన్ని ఆ చట్టం ఒకే గాటన కట్టేసింది. రాజుల కాలం అప్పటికే అయిపోయింది, వాళ్ళ మీద కేసులేం పడలేదు. వాళ్ళ గోడల మీది తలకాయలకి యాజమాన్య సర్టిఫికెట్లు ఇచ్చారు. కొత్త చట్టం కింద పట్టుబడటానికి మిగిలింది మేమే. ఈరోజు మామూలు కేసుకి మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మొదటి షెడ్యూలు జంతువైతే మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా. కొన్ని కేసుల్లో డబ్బు కట్టి రాజీ చేసుకునే దారి 54వ సెక్షన్‌లోనే ఉంది. డబ్బు ఎవరి దగ్గర ఉంటుందో వాళ్ళకే ఆ దారి.

ఆ చట్టం రాసినవాళ్ళకి ఈ తేడా తెలియక కాదు. 65వ సెక్షన్ చదువు. నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగలకి ఉన్న వేట హక్కుల జోలికి ఈ చట్టం పోదు అని రాసుంది. అంటే ఆదివాసీ వేట వేరు, షికారు వేరు అని ప్రభుత్వానికి 1972లోనే తెలుసు. సముద్రం మధ్యలో ఉన్నవాళ్ళకి ఒప్పుకుంది, కొండ మీద ఉన్నవాళ్ళకి ఒప్పుకోలేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు మనవాళ్ళు సంబరపడ్డారు. అందులో సంప్రదాయ హక్కులన్నీ ఇస్తామని చెప్పిన ఆ క్లాజులోనే, వేటాడే హక్కు, ఉచ్చు వేసే హక్కు తప్ప అని మెలిక పెట్టారు. "చారిత్రక అన్యాయం" సరిదిద్దుతామని మొదటి పేజీలో రాసుకున్న చట్టం అది.

కెనడాలో ఏం చేశారో చూడు. మస్క్వీమ్ తెగకి చెందిన రోనాల్డ్ స్పారో అనే ఆయన మీద 1984లో కేసు పెట్టారు, వల ఉండాల్సిన దానికన్నా పొడుగ్గా ఉందని. 1990లో వాళ్ళ సుప్రీంకోర్టు ఒక వరస చెప్పింది. మొదట చేప బతకాలి. చేప బతకడానికి కావాల్సింది వదిలాక మొదటి వాటా ఆదివాసీల తిండికి. ఆ తర్వాతే వ్యాపారానికి, సరదాకి. అక్కడ గొడవలేం తీరిపోలేదు. కానీ వరస స్పష్టంగా ఉంది. మన దగ్గర సరదాకి వచ్చేవాడు ముందు, కడుపుకి వెళ్ళేవాడు జైల్లో.

ఇంకొకటి. 2015లో జింబాబ్వేలో సీసిల్ అనే సింహాన్ని చంపింది ఒక అమెరికా పళ్ళ డాక్టరు. దానికి ఆయన యాభై వేల డాలర్లు ఇచ్చాడని పేపర్లు రాశాయి. మొదట ఏంతో కొట్టాడో తెలుసా? బాణంతో. దెబ్బ తగిలిన సింహం గంటల తరబడి తిరిగి చచ్చింది. ప్రపంచమంతా తిట్టింది. కాయితాలు సక్రమంగా ఉన్నాయని ఆయన మీద కేసు లేదు. బాణం ఆటవికం అని మాకు పాఠాలు చెప్పేవాళ్ళు దీన్ని ఏమంటారో!

సరే, మా వేట ఏంటో చెప్తాను.

చైత్రం వస్తే మా కొండల్లో ఇటుకల పండుగ. బగత, కొండదొర, కోదు, వాల్మీకి, ఎవరి పద్ధతి వాళ్ళది గాని పండుగ అందరిదీ. ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి శంకుదేవుడి దగ్గర పెడతారు. పూజ అయ్యాక ఆ విత్తనాలు కలిపి పంచుకుని పొలాలకి తీసుకెళ్తారు. కొత్త మామిడికాయ అప్పటిదాకా ఎవరూ ముట్టరు. మగవాళ్ళు విల్లు, బల్లెం, గొడ్డలి, కుక్కలతో అడవికి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టి బండ్లు ఆపి చందా అడుగుతారు, రాత్రికి థింసా. లంబసింగి మంచు చూడటానికి వచ్చిన టూరిస్టులు దీన్ని వసూళ్ళ గోల అనుకుంటారు. మా అమ్మ ఒక కారు ఆపితే అందులోంచి ఒకాయన అద్దం దించకుండానే వీడియో తీసుకుని వెళ్ళిపోయాడు. చందా పది రూపాయలు.

ఇక మగవాళ్ళు ఏ జంతువూ లేకుండా తిరిగొస్తే? ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు పేడనీళ్ళతో కాసుకుని ఉంటారు. వదినలూ మరదళ్ళూ కలిసి తల మీద నుంచి పోస్తారు. ఎంత పెద్ద మనిషైనా తడవాల్సిందే. ఈ ముచ్చట వందేళ్ళ కిందటే ఏజెన్సీ గురించి తెల్లదొరలు అచ్చేసిన పుస్తకాల్లో కూడా కనపడుతుంది. నిజం చెప్పాలంటే మా వేటలో ఎక్కువసార్లు దొరికేది పేడనీళ్ళే. నాకు గుర్తున్న ఇటుకల పండుగలు పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. జంతువు ఊళ్ళోకి వచ్చినవి నాలుగు. మిగతా అన్నిసార్లూ మా తాత తడిసిన గోచీతో నవ్వుకుంటూ వచ్చి పొయ్యి దగ్గర కూర్చునేవాడు.

దొర షికారులో ఖాళీ చేతులకి చోటు లేదు. దొర ఉత్తినే పోతే కింద ఉన్నవాళ్ళ ఉద్యోగాలు పోతాయి. అందుకే దూడ కట్టాలి, అడవి తోలాలి, పులిని మంచె కిందకి తెచ్చి నిలబెట్టాలి. మా పండుగలో ఖాళీ చేతులకి ఒక ఆటే ఉంది. ఆ ఆట లేకపోతే పండుగ సగం.

దొరికినప్పుడు మా ఊళ్ళో పంపకం ఎలాగంటే, మొదటి దెబ్బ వేసినవాడికి ఒక భాగం, పూజారికి ఒకటి, వేటకి రాలేని ముసలివాళ్ళ ఇళ్ళకి, మగదిక్కు లేని ఇళ్ళకి ముందే తీసి పెట్టాలి. కుక్కలకీ వాటా ఉంటుంది. అది మరిచిపోయినవాడికి తాత చేతిలో తిట్లు. చూలు జంతువుని కొట్టకూడదు, నీళ్ళు తాగుతున్నదాన్ని కొట్టకూడదు. అన్నిటికన్నా పెద్ద మాట, దెబ్బ తగిలి పారిపోయిన జంతువుని వదిలి ఇంటికి రాకూడదు. ఒక రోజు పట్టినా రెండు రోజులు పట్టినా దాని వెంట పోవాలి.

ఈ చివరి మాట నేను తప్పాను.

ఇంటర్ రెండో ఏడు. సంక్రాంతి సెలవులకి ఊరొచ్చాను. కింద నుంచి నలుగురు బాబులు ఒక జీపులో వచ్చారు. ఎవరో నాకు తెలియదు, ఇప్పుడు కనపడినా గుర్తుపట్టలేను. మంచి జాకెట్లు, నెత్తికి లైట్లు, రెండు తుపాకులు. దారి చూపిస్తే ఎనిమిది వందలు ఇస్తామన్నారు. నాకు హాస్టల్లో కట్టాల్సింది బాకీ ఉంది. వెళ్ళాను. రాత్రి రెండింటికి వాగు పక్కన లైటు వేస్తే కళ్ళు మెరిశాయి. పెంటి కణుజు. ఒకాయన కాల్చాడు. అది ఒక్కసారి కూలబడి మళ్ళీ లేచి పొదల్లోకి పోయింది. "వెతుకుదాం సార్, రక్తం ఉంది" అన్నాను. వాచీ చూసుకున్నాడు. "తెల్లారితే రిస్కు, వదిలేయ్" అన్నాడు. డబ్బులు మాత్రం సరిగ్గానే ఇచ్చారు. జీపు దిగేటప్పుడు నా భుజం తట్టి "నువ్వు మంచి ట్రాకరువిరా" అన్నారు. ఆ వయసులో ఆ మాటకి నాకు ఒంట్లో ఏదో పొంగింది. దాచుకోవడం ఎందుకు.

పొద్దున్న తాతకి తెలిసింది. తిట్టలేదు. గొడ్డలి తీసుకుని, కుక్కని పిలిచి, "నడు, సూపించు" అన్నాడు. రక్తం వెంట ఆ రోజంతా తిరిగాం. సాయంత్రానికి జాడ పోయింది. రెండో రోజు కూడా తిరిగాం. మూడో రోజు వాసన వచ్చింది. వాగుకి పైన బండల మధ్య పడుంది. అప్పటికే పురుగు పట్టింది. తాత దాని మీద కొమ్మలు విరిచి కప్పాడు. తిరిగొచ్చే దారిలో ఒక్కటే అడిగాడు. "ఎనిమిది వందలు ఏటి సేసినావురా?" హాస్టలుకి కట్టేశానన్నాను. "సదువుకున్నావు గదా, మరి ఆ కణుజు లెక్క ఏ కాతాలో రాస్తావు?" నేను జవాబు చెప్పలేదు. ఈ వ్యాసం రాసేటప్పుడు కూడా జవాబు నా దగ్గర లేదు. ఆయన పోయి మూడేళ్ళయింది.

బ్రో, ఆ నలుగురి మీద ఏ రీలూ లేదు, ఏ కేసూ లేదు. వాళ్ళు నీ కాలనీలో ఉండే మనుషులే కావచ్చు. మా ఘాటు కింద చెక్‌పోస్టులో అర్ధరాత్రి జీపు ఎక్కడికి పోతుందని అడిగేవాడుంటే, నేను ఆ ఎనిమిది వందలు సంపాదించేవాణ్ణే కాదు.

ఇక తమ్ముడూ, నీతో.

నీ మీద కేసు పడిందని నాకు బాధ ఉంది. బెయిలుకి తిరిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకని ఆ రీల్ మంచిదని చెప్పను. ఆ బండి మీద నువ్వు నిలబడిన తీరు చూశావా? పంది తల మీద నీ కాలు ఉంది. ఆ కాలు ఎవరిది? మన తాతలు చంపిన జంతువుకి దణ్ణం పెట్టి ఎత్తేవాళ్ళు. తల మీద బూటు పెట్టింది కర్జన్ దొర వంశం. ఆ ఫోటోలో అంచున డప్పు పట్టుకుని నిలబడ్డ మనవాడి మనవడివి నువ్వు. వాడి పోజు ఎక్కడ నేర్చుకున్నావు?

పోజు ఒక్కటే అయితే పోనీలే అనుకుందును. మన ఊళ్ళలో ఇప్పుడు జరుగుతున్నదాన్ని వేట అనడానికి నాకు నోరు రావడం లేదు. అడవి దారుల్లో కరెంటు తీగలు. మైను నుంచి లాగి మోకాలి ఎత్తులో కట్టి వదిలేస్తారు. పంది వస్తే పంది, ఆవు వస్తే ఆవు, తెల్లారుజామున జీలుగు కల్లు దింపుకోవడానికి పోయే మనిషి వస్తే మనిషి. నాతో హైస్కూల్లో చదివినవాడి తండ్రి అలాగే పోయాడు. తీగ పెట్టినవాడు పరాయివాడు కాదు, వరసకి బావ. ఊరు ఆ విషయం లోపలే అణిచేసింది, పోలీసులకి చెప్తే ఇంకో ఇల్లు మునిగిపోతుందని. ఇప్పటికీ ఆ రెండు ఇళ్ళూ ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుంటాయి, మాట్లాడుకోవు.

మేత ఉండలో నాటు బాంబు పెట్టడం ఇంకో పద్ధతి. దవడ పగిలిన పంది నాలుగు రోజులు తిండి తినలేక తిరిగి చస్తుంది. ఇక అలుగు. మన చిన్నప్పుడు అలుగు కనపడితే చుట్టూ చేరి బంతిలా చుట్టుకోవడం చూసి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు దాని పెంకుల కోసం కింద నుంచి ఫోన్లు వస్తాయి. మొదటి షెడ్యూలు జంతువది. ఫోన్ చేసినవాడు దొరకడు. బస్సులో సంచీతో దొరికేది మనవాడు. ఆ పెంకులు మన వాగులు దాటి, సముద్రాలు దాటి ఎక్కడో మందుల దుకాణానికి పోతాయి. అందులో మన పండుగ ఏముంది, మన కడుపు ఏముంది? పెద్ద షికారు కంపెనీకి చివరి కూలీగా పని చేస్తున్నాం, అంతే. అప్పుడు డప్పు, ఇప్పుడు సంచీ.

"మరి పంది మన కొర్రలు, సామలు తినేస్తుంటే ఊరుకోవాలా?" అని అడుగుతావు. న్యాయమైన ప్రశ్న. పంట పోయినవాడికి వచ్చే పరిహారం కోసం తిరిగే చార్జీలకే అది సరిపోతుంది. తెలంగాణలో పంట పాడుచేసే పందుల్ని కాల్చడానికి ప్రభుత్వమే షూటర్ల జాబితా పెట్టింది. లైసెన్సు తుపాకి ఉన్నవాడు వచ్చి మన పొలంలో కాలిస్తే చట్టబద్ధం. అదే పొలం యజమాని బల్లెం వేస్తే నేరం. 2018లో మహారాష్ట్ర యవత్మాల్‌లో అవని అనే పులిని చంపడానికి హైదరాబాదు నుంచి వేటగాళ్ళని పిలిపించుకున్నారు. అంటే ప్రభుత్వానికి వేటతో తగువు లేదు. ఎవరు వేటాడుతున్నారన్నదే తగువు. దీని మీద కొట్లాడదాం. ఆ కొట్లాటకి నువ్వు ముందుండాలి. కానీ కరెంటు తీగ చేతిలో పెట్టుకుని కొట్లాడలేం. నువ్వు పెట్టిన ఒక్క రీల్ మా పదేళ్ళ మాటల్ని మింగేసింది.

నిజంగా జంతువు ఎక్కడ చస్తోందో చూడు. 2015 నవంబరులో 97 నంబరు జీవో ఇచ్చి చింతపల్లి అడవిలో 1212 హెక్టార్లు బాక్సైట్ తవ్వకానికి రాసేశారు. చింతపల్లి నుంచి పాడేరు దాకా మనం రోడ్డెక్కితే, 2019లో గాని అది రద్దు కాలేదు. ఆ 1212 హెక్టార్లలో ఎన్ని కణుజులు, ఎన్ని అలుగులు, ఎన్ని వాగులు ఉన్నాయో ఆ జీవోలో ఒక్క లైను లేదు. నర్సీపట్నం పక్కనే నాతవరం మండలం సరుగుడు కొండల్లో లేటరైట్ లారీల కోసం అడవిలో రోడ్డు వేస్తే విషయం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. అక్కడి మనవాళ్ళకైతే అయిదో షెడ్యూలు కూడా లేదు. కొండ మీదే ఉన్నా కాయితం మీద మైదానం వాళ్ళు. ఎర్రవరంలో కొండ పైనొక చెరువు, కిందొక చెరువు కట్టి కరెంటు తీస్తామంటున్నారు. బాణానికి ఒక పంది చస్తే వచ్చే ఏడు ఇంకో ఈత వస్తుంది. కొండే పోతే పంది ఎక్కడ ఈనుతుంది? ఒక బుల్డోజరు డ్రైవరు మీద వన్యప్రాణి చట్టం కేసు పడటం నువ్వు విన్నావా? నేను వినలేదు.

2022 మే నెలాఖరులో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు దగ్గర పెద్దపులి కనిపించింది గుర్తుందా? కెమెరాలు కట్టారు, బోనులు పెట్టారు. అది బోనులో పడలేదు. పశువుల్ని చంపింది గాని మనిషి జోలికి రాలేదు. నెల తిరిగేసరికి అనకాపల్లి జిల్లా వైపు వచ్చేసింది. టీవీ చానళ్ళు రోజుకో ఊరు పేరు చెప్పి భయపెట్టాయి. మా ఊరి ముసలాళ్ళు మాత్రం రచ్చబండ మీద కూర్చుని "ఇన్నాళ్ళకి మళ్ళీ వచ్చిందిరా పెద్దది" అనుకున్నారు. ఆ గొంతులో భయం ఉంది, దానితోపాటు చాలాకాలానికి చుట్టం వచ్చినట్టు ఇంకేదో కూడా ఉంది. ఎవడూ తుపాకి దులపలేదు. ఈ ముక్క ఏ చానల్లోనూ రాలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఏం చేశామో రాస్తాను. గొప్ప కాదు, మొదలు మాత్రమే. మీ ఊళ్ళలో ఇంతకన్నా మంచి పద్ధతి ఉంటే కామెంట్లలో కాదు, వచ్చి చెప్పండి.

మాఘంలో గ్రామసభ పెట్టాం. పీసా చట్టం మన ఆచారాల్ని, మన వనరుల్ని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఇచ్చింది. అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షను అడవినీ వన్యప్రాణినీ కాపాడే అధికారం కూడా మనకే ఇచ్చింది. నియమగిరిలో 2013లో పన్నెండు గ్రామసభలు వద్దంటే బాక్సైట్ కంపెనీ వెనక్కి పోయింది. గ్రామసభ మాటకి ఆ బరువుంది. అదే అధికారంతో మా ఊరు రాసుకున్న తీర్మానం ఇది. కరెంటు తీగ పెట్టినవాడికి ఊరి జరిమానా, పండుగలో వాటా లేదు. నాటు బాంబుకీ అంతే. కింద నుంచి జీపు వస్తే దారి చూపించేవాడు ఉండకూడదు, జీపు నంబరు రాసుకోవాలి. అలుగు పేరు చెప్పి ఫోన్ చేసినవాడి నంబరు సభలో చదవాలి. నాటు తుపాకులు పండుగకి తేకూడదు. ఈ చివరిదాని మీద పెద్ద గొడవ అయింది. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు, వాళ్ళలో మా మావ ఒకడు. ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అలుగు మాట ఎత్తింది ఆడవాళ్ళు. తీగ మాట ఎత్తింది నేను చెప్పిన ఆ చనిపోయినాయన భార్య. ఆమె లేచి నిలబడ్డాక ఎవరూ ఎదురు చెప్పలేదు.

చైత్రంలో విల్లులు, బల్లేలు పట్టుకుని దేవుడి దగ్గరికి వెళ్ళాం, అడవిలో మూడు రోజులు తిరిగాం, పిల్లలకి జాడలు చూపించాం. ఏది కణుజు గిట్ట, ఏది కొండగొర్రె గిట్ట, నిన్నటిదెలా ఉంటుంది, ఇవాళ్టిదెలా ఉంటుంది అని. జంతువుని ఊళ్ళోకి తేలేదు. పేడనీళ్ళు మాత్రం ఈసారి ముందెప్పుడూ లేనంత పోశారు. మా పెద్దొదిన రెండు కుండలు దాచిపెట్టుకుందట.

ఊరి సామూహిక అటవీ హక్కుల అర్జీ, దాంతోపాటు ఈ తీర్మానం కాపీ, హద్దుల పటం, అరవై ఒక్క సంతకాలూ వేలిముద్రలూ పైకి పంపాం. పటం మీద ఆ కణుజు పడున్న బండల చోటు కూడా ఉంది. అక్కడికి తాత పేరు రాశాను, పటంలో పేరు లేని చోటు అదొక్కటే. అర్జీ ముట్టినట్టు రసీదు నా దగ్గరుంది. జవాబు ఇంకా రాలేదు.